తాత ట్రక్కుకు తగిన గేరు!

క్లచ్ తొక్కక్కర్లేదు. గేరు మార్చక్కర్లేదు. యాక్సిలరేటర్ మీద కాలు పెడితే చాలు, బండి దానంతటదే సాగిపోతుంది. ఆ సుఖం వెనక కొన్ని వందల విడిభాగాలు, లీటర్లకొద్దీ ఎర్రనూనె ఉంటాయి. అవి మొరాయిస్తే..? అమెరికాలో అర్ధశతాబ్దం నాటి ట్రక్కులకు ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఎంచుకోవడం, దాన్ని ముక్కముక్కగా విప్పి మళ్లీ కట్టడం పెద్ద విద్య. ఆ విద్య గురించే ఈ కథనం.

కొట్టం తలుపు తీస్తే దుమ్ము గుప్పున లేస్తుంది. లోపల ఎండుగడ్డి మోపుల పక్కన టార్పాలిన్ కప్పుకుని ఓ ట్రక్కు. తాత కొన్నది. పొలానికి విత్తనాలు మోసింది, సంతకు దూడల్ని తీసుకెళ్లింది, నాన్నకు డ్రైవింగు నేర్పింది. తాత పోయాక అలా మూలన పడిపోయింది. బ్యాటరీ మార్చి, కార్బురేటర్ కడిగి తాళం తిప్పితే ఇంజిన్ దగ్గుతూ దగ్గుతూ అందుకుంటుంది. మనవడి ముఖం వెలిగిపోతుంది. గేరు కర్రను ‘డి’లోకి లాగి యాక్సిలరేటర్ తొక్కుతాడు. ఇంజిన్ రంకె వేస్తుంది... బండి మాత్రం అంగుళమైనా కదలదు!

అమెరికా పల్లెపట్టుల్లో ఇలాంటి ట్రక్కులకు కొదవలేదు. అక్కడ ట్రక్కంటే మన పది చక్రాల లారీ ఒక్కటే కాదు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే క్యాబిన్, వెనక సరుకు వేసుకునే తొట్టి ఉన్న పికప్ వ్యానునూ ట్రక్కనే అంటారు. రైతుకు ఎడ్లబండీ అదే, సొంత కారూ అదే. అందుకే దాని మీద అంత మమకారం.

ఇంజిన్ సంగతి అక్కడ చాలామందికి తెలుసు. స్పార్కు ప్లగ్గులు మార్చడం, కార్బురేటర్ విప్పడం పిల్లలు తండ్రుల దగ్గర నేర్చుకునే పనులే. ఆటోమేటిక్ గేర్‌బాక్సు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్లూ ‘అమ్మో’ అంటారు. అదో మూసిన పెట్టె. లోపలేం జరుగుతుందో కనపడదు. ఆ భయంతోనే ఇంజిన్ బాగున్నా, బాడీ బాగున్నా పాత ఇనుము కింద తోలేసేవారు కొందరు. దొరికినదేదో తెచ్చి బిగించి, ఆర్నెల్లకే మళ్లీ దించేవారు మరికొందరు. ఆ పెట్టె లోపలి సంగతి కాస్త తెలిస్తే డబ్బూ మిగులుతుంది, తాత జ్ఞాపకమూ మిగులుతుంది.

కాలు చేసే పని నూనె చేస్తే...

పాత అంబాసిడర్‌లో స్టీరింగు పక్కనే గేరు కర్ర ఉండేది, గుర్తుందా? అమెరికా పాత ట్రక్కుల్లోనూ అంతే. మూడు గేర్లు, స్టీరింగు కడ్డీకి కొమ్మలా ఓ కర్ర. దాన్ని ‘చెట్టు మీద మూడు’ అని ముద్దుగా పిలుచుకునేవారు. ఎడమ కాలితో క్లచ్ తొక్కడం, చేత్తో కర్ర లాగడం... రోజంతా పొలంలో అలిసిన మనిషికి అదో అదనపు చాకిరీ.

ఆ చాకిరీని తప్పించే ఉపాయం పుట్టింది రోడ్డు మీద కాదు, సముద్రం మీద. ఓడల్లో టర్బైన్ బలాన్ని ద్రవం ద్వారా పంకాకు అందించే పద్ధతికి జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంట్ తీసుకున్నారు. ఆ సూత్రం తిరిగి తిరిగి కార్లలోకి చేరింది. జనరల్ మోటార్స్ సంస్థ ‘హైడ్రామేటిక్’ పేరుతో తెచ్చిన ఆటోమేటిక్ గేర్‌బాక్సు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనం ముందుకొచ్చింది. ఆ పనిని నడిపించిన ఎర్ల్ థాంప్సన్ మామూలు గేర్లు గరగరమనకుండా పడేలా చేసే సింక్రోమెష్‌ను కూడా రూపొందించినవారే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తేలికపాటి ట్యాంకుల్లోనూ హైడ్రామేటిక్‌లు పనిచేశాయి. 1953లో ఫోర్డ్ ఎఫ్-100 ట్రక్కుకు, 1954లో షెవర్లే ట్రక్కులకు అదనపు ధర చెల్లిస్తే ఆటోమేటిక్ దొరికే రోజులొచ్చాయి.

ఇంతకీ అది పనిచేసేదెలా? రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే స్విచ్ వేయండి. దాని గాలికి రెండోదీ తిరుగుతుంది. గాలి బదులు నూనె, ఫ్యాన్ల బదులు ఒకే డబ్బాలో బిగించిన రెక్కల చక్రాలు... అదే టార్క్ కన్వర్టర్. ఒక చక్రాన్ని ఇంజిన్ తిప్పుతుంది. అది విసిరిన నూనె రెండో చక్రాన్ని తిప్పుతుంది. మధ్యలో ఉండే మూడో చక్రం, స్టేటర్, తిరిగొచ్చే నూనెను సరైన దిక్కుకు మళ్లిస్తుంది. దానివల్ల బండి కదిలే క్షణంలో ఇంజిన్ లాగుడు దాదాపు రెట్టింపవుతుంది. బ్రేకు తొక్కి ఆపినా ఇంజిన్ ఆగదు. రెండు చక్రాల మధ్య నూనె జారుతుందంతే!

దాని వెనక గేర్లు. నడుమ ‘సూర్యుడు’, దాని చుట్టూ ‘గ్రహాలు’, వాటిని చుట్టి లోపలివైపు పళ్లున్న కంకణం. ఒకదాన్ని పట్టి ఆపితే ఒక గేరు, ఇంకోదాన్ని ఆపితే ఇంకో గేరు. కలిపి కట్టేస్తే అంతా ఒకే దిమ్మలా తిరిగి టాప్ గేరు. ఇలాంటి రెండు జతలకు ఒకే సూర్యచక్రాన్ని పంచి, ముందుకు మూడు గేర్లు, వెనక్కి ఒకటి రాబట్టే అమరికను అమెరికన్ ఇంజినీరు హోవర్డ్ సింప్సన్ రూపొందించారు. పోటీ కంపెనీలైన జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ మూడూ ఆ అమరికనే వాడుకున్నాయి.

మరి చక్రాల్ని పట్టి ఆపేదెవరు? నూనె ఒత్తిడితో బిగుసుకునే క్లచ్ ప్లేట్లు, పట్టీలు. ఎప్పుడు బిగించాలో చెప్పేది వాల్వ్ బాడీ. పురుగులు తొలిచిన చెక్కలా సన్నని కాలువలున్న లోహపు దిమ్మ అది. బండి ఎంత వేగంతో పోతోందో గవర్నర్ చెబుతుంది. ఇంజిన్ ఎంత బరువు లాగుతోందో వాక్యూమ్ మాడ్యులేటర్ చెబుతుంది. రెండు కబుర్లూ నూనె ఒత్తిడి రూపంలో వచ్చి తలపడితే వాల్వు పక్కకు జరుగుతుంది, గేరు మారుతుంది. చిప్పు లేదు, వైరు లేదు. నూనెతో నడిచే కంప్యూటర్ అన్నమాట!

బలం ఒక్కటే చూస్తే బోల్తా

పాత గేర్‌బాక్సు బాగుచేయడానికి పనికిరాకపోయినా, తాత ట్రక్కు ‘చెట్టు మీద మూడు’ రకమైనా కొత్తగా ఒకటి ఎంచుకోవాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ‘అన్నింట్లోకీ గట్టిది ఏది?’ అని అడుగుతారు. అడగాల్సింది మాత్రం ‘ఈ బండితో నేనేం చేస్తాను?’ అని.

ఓ ఉదాహరణ. 1970 మోడల్ షెవర్లే సి-10 ట్రక్కు, 5.7 లీటర్ల వీ-8 ఇంజిన్. దీనికి సరిపడే ఆటోమేటిక్‌లలో ప్రధానమైనవి నాలుగు. మొదటిది 1950లో కార్లలో వచ్చిన పవర్‌గ్లైడ్. రెండే గేర్లు. గట్టిది, తేలికైంది, విప్పడం సులువు. కానీ బరువేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు ఆ రెండు గేర్ల మధ్య దూరం చుక్కలు చూపిస్తుంది. రెండోది 1969లో వచ్చిన టర్బో హైడ్రామేటిక్ 350. మూడోది 1964లో క్యాడిలాక్ కార్లతో మొదలైన టర్బో 400. పేరులో టర్బో ఉంది కదాని టర్బోచార్జర్ అనుకునేరు, దానికీ దీనికీ సంబంధం లేదు. నాలుగోది 1982లో వచ్చిన 700ఆర్4. దీనికి నాలుగు గేర్లు.

350 నూనె లేకుండా 55 కిలోల దాకా తూగుతుంది. మూడు గేర్లు, ఎక్కడైనా దొరికే విడిభాగాలు, తక్కువ ఖర్చు. ఊళ్లో తిరిగే బండికి, అప్పుడప్పుడూ సరుకు మోసే బండికి ఇది చాలు. 400 ఇంకాస్త బరువు, ఇంకాస్త పొడవు, మొండిఘటం. వెనక గుర్రాల ట్రైలరో, పడవో కట్టి లాగేవారికి ఇదే నప్పుతుంది. తనను తాను తిప్పుకోవడానికే ఇంజిన్ బలం కాస్త ఎక్కువ తింటుంది. ట్రైలరే లేనివాడికి ఆ తిండి దండగే.

హైవే ఎక్కితే లెక్క మారుతుంది. పాత ట్రక్కులు పొలం దారులకు తయారైనవి. వెనక ఇరుసులో 3.73 నిష్పత్తి గేరు ఉందనుకుందాం. అంటే చక్రం ఒకసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు 3.73 సార్లు తిరగాలి. 28 అంగుళాల టైర్లతో గంటకు 65 మైళ్ల (సుమారు 105 కిలోమీటర్లు) వేగంతో వెళ్తే మూడు గేర్ల బండి ఇంజిన్ నిమిషానికి 2,900 చుట్లు తిరుగుతుంది. అదే 700ఆర్4 నాలుగో గేరు నిష్పత్తి 0.70. ఇంజిన్ 2,040 చుట్లతో సరిపెడుతుంది. చప్పుడు తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది, ఇంజిన్ ఆయుష్షు పెరుగుతుంది. పైగా 350లో మొదటి గేరు నిష్పత్తి 2.52 అయితే ఇందులో 3.06. బరువుతో కదిలేటప్పుడు లాగుడూ ఎక్కువే.

మరింకేం, అందరూ అదే పెట్టుకోవచ్చుగా? అక్కడే ఉంది మెలిక. 700ఆర్4కు కార్బురేటర్ నుంచి ఓ సన్నని తీగ వస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కామో ఆ తీగే గేర్‌బాక్సుకు చెబుతుంది, దాన్నిబట్టే లోపల నూనె ఒత్తిడి మారుతుంది. తీగ సరిగా అమరకపోతే ఒత్తిడి చాలక ప్లేట్లు జారి కాలిపోతాయి. కొత్తగా కట్టిన గేర్‌బాక్సు కొద్ది మైళ్లకే బూడిదయ్యే ప్రమాదం ఉంది! 350కీ ఓ తీగ ఉంటుంది కానీ అది గట్టిగా తొక్కినప్పుడు కింది గేరు పడటానికే. అది తెగినా గేర్‌బాక్సు కాలిపోదు. తొలి ఏళ్ల 700ఆర్4లు కాస్త బలహీనం. 1987 నుంచి చేసిన మార్పులతో అవి గట్టిపడ్డాయి. కాబట్టి పాత సామాన్ల దుకాణంలో కొనేవారు ఆ తర్వాతివే వెతుకుతారు. ఇక 1993లో మొదలైన 4ఎల్60-ఈ రకానికైతే కంప్యూటరే కావాలి. కార్బురేటర్ బండికి దాన్ని పెట్టాలంటే విడిగా ఓ నియంత్రణ పెట్టె, వైర్లు... ఆ తంటా వేరు.

పొడవూ చూసుకోవాలి. 700ఆర్4, పొట్టి తోక ఉన్న 350 కన్నా మూడంగుళాలు పొడవు. ప్రొపెల్లర్ షాఫ్టు కత్తిరించాలి, గేర్‌బాక్సును మోసే అడ్డపట్టీ వెనక్కి జరపాలి. ఇంకా పాతవైన 1947-54 నాటి షెవర్లే అరటన్ను ట్రక్కులైతే మరో చిక్కు. వాటి ప్రొపెల్లర్ షాఫ్టు ఓ గొట్టంలో మూసి ఉంటుంది. ఇలాంటి గేర్‌బాక్సు పెట్టాలంటే వెనక ఇరుసుతో సహా మార్చాల్సిందే. గేర్‌బాక్సు ధర చూసి సంబరపడితే చాలదన్నమాట, దాని వెంట వచ్చే ఖర్చులూ లెక్కేసుకోవాలి.

పాత సామాన్ల దుకాణంలో మరో మోసం... పేరు ఒకటి చెప్పి ఇంకోటి అంటగట్టడం. అందుకు అనుభవజ్ఞులు అడుగునున్న నూనె చిప్పను చూస్తారు. 350 చిప్ప నలుచదరంగా ఉండి ఒక మూల కోసేసినట్టుంటుంది, 13 బోల్టులు. 400కూ 13 బోల్టులే కానీ చిప్ప ఆకారం అడ్డదిడ్డంగా ఉంటుంది. పవర్‌గ్లైడ్‌కు 14. 700ఆర్4ది దీర్ఘచతురస్రం, 16 బోల్టులు. వేళ్లతో లెక్కపెట్టుకుంటే చాలు!

రోగం తెలిశాకే రెంచి

ఇప్పుడు మళ్లీ మన కొట్టంలోకి వద్దాం. ‘డి’లో కదలని ఆ బండిలో ఉన్నది 350 అనుకుందాం. వెంటనే దించేయడమేనా? కాదు. ముందు నూనె కొలపుల్ల తీసి చూడాలి. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో సీళ్లు ఎండి నూనె కారిపోయి ఉండొచ్చు. గేరు కర్ర నుంచి కిందికి వెళ్లే కడ్డీ ఊడి ఉండొచ్చు. ఈ రెండింటికీ గేర్‌బాక్సు విప్పక్కర్లేదు.

నూనె రంగు సగం జాతకం చెబుతుంది. ఎర్రగా, తేటగా ఉంటే క్షేమం. గోధుమరంగులోకి మారి మాడు వాసన వస్తే ప్లేట్లు కాలాయని అర్థం. రోజ్ మిల్క్‌లా కనిపిస్తే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి నీళ్లు కలిశాయని. ఆ నీళ్లకు ప్లేట్ల మీది పొర ఉబ్బి ఊడొస్తుంది. చిప్ప విప్పితే అడుగున బూడిదరంగు మెత్తని ముద్ద కొంచెం ఉండటం మామూలే. మెరిసే రజను, ఇత్తడి రంగు పలుకులు కనిపించాయా... లోపల బుష్‌లో, వాషర్లో అరిగిపోయినట్టే.

ఏ గేరు పడుతుందో, ఏది పడదో చూస్తే దొంగ దొరుకుతాడు. 350లో ముందుకు వెళ్లే మూడు గేర్లకూ ఫార్వర్డ్ క్లచ్ కావాలి. రివర్సులో కదిలి, ముందుకు మాత్రం కదలకపోతే అనుమానం దానిమీదే. మూడో గేరు, రివర్సు రెండూ పోయాయంటే డైరెక్ట్ క్లచ్. ఎందుకంటే ఆ రెండింటికీ ఉమ్మడిది అదే. రెండోది మాత్రమే పోతే ఇంటర్మీడియట్ క్లచ్. చల్లగా ఉన్నప్పుడు కదలక, వేడెక్కాక కదిలితే రబ్బరు సీళ్లు గట్టిపడ్డాయన్నమాట.

ఇంకో విచిత్రం. గేర్లు ఆలస్యంగా, ధడేలుమని పడుతూ సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తుంటే గేర్‌బాక్సూ ఇంజినూ రెండూ పోయాయని హడలిపోతారు. చాలాసార్లు తప్పు వాక్యూమ్ మాడ్యులేటర్‌ది. అందులోని పలుచని పొర చిరిగితే గేర్‌బాక్సు నూనెను ఇంజిన్ గొట్టంలోంచి పీల్చి కాల్చేస్తుంది. ఒక్క బోల్టు విప్పి మార్చే చిన్న డబ్బా అది! అది తెలియక వేల డాలర్లు పోసి గేర్‌బాక్సు మార్చుకుంటే ఆ పొగ డబ్బులదే.

బల్ల మీద యజ్ఞం

ప్లేట్లే కాలాయని తేలితే మాత్రం దించక తప్పదు. స్టాండ్ల మీద బండిని నిలిపి, గేర్‌బాక్సు జాకీతో మాత్రమే దించాలి. 55 కిలోల ఇనుప దిమ్మను గుండె మీద పెట్టుకుని దించుదామనుకునే మొనగాళ్లు ఆసుపత్రి పాలవుతారు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సు విప్పే మేస్త్రీలకు నల్లటి గ్రీజు చేతులే గుర్తు. ఆటోమేటిక్ విప్పేవారి బల్ల ఆపరేషన్ థియేటర్‌ను తలపిస్తుంది. పీచు రాలే పాత గుడ్డతో తుడవకూడదు. ఒక్క నూలుపోగు వాల్వులో ఇరుక్కుంటే గేరు మారడం ఆగిపోతుంది. విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరుసలోనే పేర్చుతారు. ముందు పంపు, తర్వాత డైరెక్ట్ డ్రమ్ము, ఫార్వర్డ్ డ్రమ్ము, గ్రహచక్రాలు, అట్టడుగున రివర్సు క్లచ్.

వాల్వ్ బాడీ ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టాల్సిందే. దాని కాలువల్లో బఠాణీ గింజంత ఉక్కు గోళీలు నాలుగు ఉంటాయి. నూనెకు ఒకవైపే దారిచ్చే కాపలాదారులవి. అవి దొర్లి బల్ల కిందికి పోయినా, తిరిగి పెట్టేటప్పుడు గది మారినా గేర్లు గతి తప్పుతాయి. మళ్లీ బిగించేటప్పుడు అవి జారకుండా వ్యాజిలీన్ అద్ది నిలబెడతారు. మామూలు గ్రీజు పనికిరాదు. వ్యాజిలీన్ అయితే వేడికి కరిగి నూనెలో కలిసిపోతుంది, గ్రీజు కరగక కాలువల్ని మూసేస్తుంది.

కొత్త ప్లేట్లను పొడిగా బిగించకూడదు. ముందు నూనెలో నానాలి. రబ్బరు సీళ్ల అంచు ఒత్తిడి వచ్చే వైపు తిరిగి ఉండాలి. తిరగేసి పెడితే నూనె పక్కనుంచి జారిపోతుంది. ప్లేట్లన్నీ పేర్చాక మధ్య ఖాళీని ఫీలర్ గేజితో కొలుస్తారు. ఒక్కో ప్లేటుకు అంగుళంలో వందో వంతు చొప్పున ఖాళీ ఉండాలనేది మెకానిక్కులు పాటించే ఉజ్జాయింపు లెక్క. బిగుతైతే ప్లేట్లు వదలకుండా రాసుకుంటాయి, వదులైతే గేరు ఆలస్యంగా పడుతుంది.

పెట్టె మూసేముందు ఓ చిన్న పరీక్ష ఉంది. నూనె వెళ్లే రంధ్రంలోకి కంప్రెసర్ గాలి వదులుతారు. లోపలి క్లచ్ ‘టప్’మని మూసుకుంటే సీళ్లు పట్టాయి. ‘స్‌స్‌స్’మని గాలి పోతే మళ్లీ విప్పాల్సిందే. అలసిపోయిన మెకానిక్ ‘పర్లేదులే’ అనుకునేది ఇక్కడే. ఆ ‘పర్లేదు’కు మూల్యం మరో గేర్‌బాక్సు.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది. ప్లేట్లు ఎందుకు కాలాయి? కాలిన ప్లేటు రోగం కాదు, లక్షణం మాత్రమే. గట్టిపడిన సీలు నూనెను కార్చేస్తే ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడి చాలకపోతే ప్లేటు జారుతుంది, జారితే వేడెక్కుతుంది, వేడికి కాలుతుంది. ఆ సీలు వదిలేసి ప్లేట్లు మాత్రం మారిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. కాలిన పొడి టార్క్ కన్వర్టర్‌లోనూ, కూలర్ గొట్టాల్లోనూ దాక్కుని ఉంటుంది. కన్వర్టర్‌ను చుట్టూ వెల్డింగు చేసి మూసేస్తారు, ఇంట్లో కడగడం కుదరదు. దాన్ని మార్చకుండా, కూలర్‌ను శుభ్రం చేయకుండా బిగిస్తే... కొత్త గేర్‌బాక్సులోకి పాత విషాన్ని చేతులారా ఎక్కించినట్టే.

ఆఖరి అంగుళం

అన్నీ సరిగ్గా చేసి, చివర్లో బోర్లా పడేవారూ ఉన్నారు. కన్వర్టర్ వెనకున్న మెడ, ముందున్న పంపు పళ్లలో పూర్తిగా కూర్చోవాలి. చేత్తో తిప్పుతూ నెడుతుంటే రెండు మూడుసార్లు ‘ధబ్’మని లోపలికి దిగుతుంది. అలా దిగకుండానే బోల్టులతో ఇంజిన్‌కు లాగి బిగిస్తే పంపు పగిలిపోతుంది. అందుకే బిగించాక కన్వర్టర్‌కూ, ఇంజిన్ పలకకూ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు ఖాళీ ఉందా లేదా చూసుకుంటారు. కన్వర్టర్ చేత్తో స్వేచ్ఛగా తిరగకపోతే... ఆగి, మళ్లీ దించాల్సిందే.

ఆ తర్వాత నూనె. 350కి కన్వర్టర్‌తో కలిపి తొమ్మిది లీటర్ల పైనే పడుతుంది. మొదట సగం పోసి, ఇంజిన్ స్టార్ట్ చేసి మిగిలింది మెల్లగా పోస్తారు. కొలత చూడాల్సింది ఇంజిన్ ఆపి కాదు. నూనె వేడెక్కి, ఇంజిన్ నిదానంగా నడుస్తుండగా ‘పి’లో పెట్టి చూడాలి.

గేర్‌బాక్సుకు మృత్యువు వేడి రూపంలోనే వస్తుంది. నూనె 80-90 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే హాయిగా పనిచేస్తుంది. ఆపైన ప్రతి 11 డిగ్రీలకూ నూనె ఆయుష్షు సగమవుతుందని ఈ వృత్తిలో చెప్పుకునే మాట. ట్రైలర్ లాగేవారు రేడియేటర్ ముందు విడిగా మరో కూలర్ బిగించుకునేది అందుకే. గేర్‌బాక్సు ఖర్చుతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ.

చెట్టు మీద మూడు గేర్ల బండిని ఆటోమేటిక్ చేసినవారు భద్రత సంగతీ మరవకూడదు. ‘పి’, ‘ఎన్’లలో తప్ప ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే స్విచ్ తప్పనిసరి. లేదంటే ‘డి’లో ఉండగా తాళం తిప్పితే బండి గోడను గుద్దేస్తుంది. ‘పి’లో పెడితే టన్నుల బండిని పట్టి ఉంచేది లోపల వేలెడంత ఇనుప కొక్కెం. దాన్నే నమ్ముకోకుండా హ్యాండ్ బ్రేకు వేయాలి. గేర్ల సాయంతో బండి నెమ్మదించడం కూడా తగ్గుతుంది కాబట్టి పాత బ్రేకుల్ని ముందే బాగుచేయించుకోవాలి.

తిమింగలం చలవ!

ఆటోమేటిక్ నూనెకు ఎరుపు సహజంగా రాదు, రంగు కలుపుతారు. బండి కింద మరక కనిపిస్తే అది ఇంజిన్ ఆయిలా, గేర్‌బాక్సుదా అని పోల్చుకోవడానికి. జనరల్ మోటార్స్ 1949లో ‘టైప్-ఎ’ పేరుతో ఈ నూనెకు ప్రమాణాలు నిర్ణయించింది. 1967లో డెక్స్‌రాన్ వచ్చింది. వాటిలో స్పెర్మ్ తిమింగలం నుంచి తీసిన నూనె కూడా కలిపేవారు. గేరు మెత్తగా పడటానికి అంత బాగా పనిచేసేది మరోటి అప్పట్లో లేదు. తిమింగలాలు అంతరించిపోతున్నాయని 1970ల తొలినాళ్లలో అమెరికా ఆ నూనెను నిషేధించాక రసాయన శాస్త్రవేత్తలు ప్రత్యామ్నాయాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఫోర్డ్ పాత గేర్‌బాక్సులు కొన్నింటికి ‘టైప్-ఎఫ్’ అనే వేరే నూనె కావాలి. ‘ఎర్రగా ఉంటే చాలు’ అనుకుని ఏదో ఒకటి పోయడం కూడదు.

ఒక మంట... ఎన్ని కార్లకో తంటా!

1953 ఆగస్టు 12న మిచిగన్ రాష్ట్రం లివోనియాలోని హైడ్రామేటిక్ కర్మాగారం అగ్నికి ఆహుతైంది. వెల్డింగు టార్చి నిప్పురవ్వలతో అంటుకున్న మంట అది. క్యాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్, పాంటియాక్ కార్లకు గేర్‌బాక్సులు అక్కడినుంచే వెళ్లేవి. దాంతో కొన్నాళ్లపాటు క్యాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లకు బ్యూయిక్ డైనాఫ్లో, పాంటియాక్‌కు షెవర్లే పవర్‌గ్లైడ్ బిగించి అమ్మారు. హైడ్రామేటిక్ తయారీని అదే రాష్ట్రంలో యుద్ధకాలంలో బాంబర్ విమానాలు తయారైన విల్లో రన్ కర్మాగారానికి మార్చారు.

మళ్లీ విప్పగలిగేలా...

2017లో ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కుకు పది గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. చాలా విద్యుత్ వాహనాలకైతే గేర్లు మార్చే పనే లేదు. మన దగ్గర 2014లో మారుతి సెలెరియోతో పేరు తెచ్చుకున్న ఏఎంటీ కార్లలో టార్క్ కన్వర్టరే ఉండదు. మామూలు గేర్‌బాక్సుకే క్లచ్ తొక్కే, గేరు మార్చే యంత్రం తగిలిస్తారు. ఇలా ఆటోమేటిక్ ఎన్నో రూపాలెత్తింది. కొత్త రకాలు పాడైతే ముందు కంప్యూటర్ తగిలించి చూడాలి.

తాత ట్రక్కులోని గేర్‌బాక్సుకు కంప్యూటర్ అక్కర్లేదు. వాసన చూసే ముక్కు, ‘టప్’ వినే చెవి, కంగారు పడని చేతులు ఉంటే చాలు. దాన్ని తయారుచేసినవారు రిటైరైపోయారు, ఆ కార్ల పేర్లు కొన్ని కనుమరుగయ్యాయి కూడా. అయినా అది ఇప్పటికీ విప్పితే వస్తుంది, బిగిస్తే నడుస్తుంది.

కొట్టం తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. తాళం తిప్పాక మనవడు కాసేపు ఆగుతాడు, నూనె వేడెక్కాలి కదా. బ్రేకు తొక్కి కర్రను ‘డి’లోకి లాగుతాడు. బండి ఒక్కసారి చిన్నగా ఉలిక్కిపడుతుంది. క్లచ్ పట్టిందన్నమాట. బ్రేకు మీంచి కాలు తీస్తాడు. యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే ట్రక్కు మెల్లగా గడప దాటి ఎండలోకి వస్తుంది. తాత వెళ్లిన దారిలోకే!